ఎర్రతలుపు డైవింగ్ షాపు

నరసరావుపేట మల్లమ్మ సెంటర్‌కి కూతవేటు దూరంలో, సల్మాన్ టీవీల షాపు పైన మేడగదిలో వెంకటరమణమ్మ డిటెక్టివ్ ఏజెన్సీ ఉంది. బోర్డు మీద ‘పెళ్లి సంబంధాలు విచారించబడును’ అన్న ఒక్క వాక్యమే కనిపిస్తుంది. పెళ్లికొడుకు జీతమెంత, తాగుడెంత, తాగుడు మానేశానన్న మాటలో నిజమెంత అన్నవి ఆవిడ నోటి నుంచి వినందే చుట్టుపక్కల మండలాల్లో లగ్నపత్రిక రాయించేవాళ్లు తక్కువ.

నందిని ఇంగ్లీషు ఎమ్మే చదివి, బ్యాంకు పరీక్షల ఫలితాలు వచ్చేదాకా కాలక్షేపానికని ఇక్కడ చేరింది. ఫలితాలు వచ్చాయి, ఉద్యోగం రాలేదు. వచ్చినా వెళ్లేదాన్ని కాదని ఇంట్లో చెప్పుకుంటుంది. అది సగం నిజమే. పెద్దమ్మ (ఆవిడని అలాగే పిలుస్తుంది) ఒక మనిషిని చూసి ఏం కనిపెడుతుందో చూడటం నందినికి సినిమా కంటే బాగుంటుంది.

ఆ పొద్దున మెట్లెక్కి వచ్చిన తల్లీకూతుళ్లలో తల్లి ముందు ఏడ్చి, తర్వాత కూర్చుంది.

“అమ్మగారూ, మాది గురజాల. నా పేరు ఆరోగ్యమ్మ. మీరు సంబంధాలే చూస్తారని తెలుసు. మా నిస్సీ పరువు పోయిందమ్మా. నేను చర్చికి పోయి మూడు ఆదివారాలయింది.”

“పరువు పోయిందంటే సంబంధం కేసే. మంచినీళ్లు తాగి నిదానంగా చెప్పు” అంది వెంకటరమణమ్మ.

చెప్పింది నిస్సీ. ఆమె కరీబియన్ సముద్రంలో తిరిగే పెద్ద టూరిస్టు ఓడలో పనిచేస్తుంది. గురజాల నుంచి ఓడెక్కిన మొదటి ఆడపిల్ల. నాపరాయి క్వారీలో పనిచేసే తండ్రి ఏలియా చిన్నప్పుడు నడుముకి ఖాళీ నూనెడబ్బా కట్టి సాగర్ కాలవలో ఈత నేర్పాడు. ఆ ఈతే ఆమెను అంతదూరం తీసుకెళ్లింది.

“ఓడ పొద్దున ఒక దీవిలో ఆగుతుంది ఆంటీ, సాయంత్రం కదిలిపోతుంది. వీపున గాలి సిలిండరు కట్టుకుని నీళ్లడుగుకి దిగి చేపల్ని చూడాలని ఓడలో వచ్చినవాళ్లకి సరదా. ఊరు కొత్త, తిరిగి చూసుకునే టైముండదు. అందుకని దింపే షాపుల్లో ఏది మంచిదో ముందే చూసి ఓడ తరఫున ఒప్పుకోవటం నా పని. సిలిండర్లో గాలి శుభ్రమైందేనా, పడవలో ఆక్సిజన్ పెట్టారా, ఒక్కో గైడు ఎంతమందిని దింపుతాడు, ఓడ కదిలేలోపు తెచ్చి అప్పజెపుతాడా, అన్నీ చూస్తా.”

“మరి నేను చేసే పనీ అదే గదమ్మా. నీకు ఉప్పునీళ్లు, నాకు పప్పూచారు. తర్వాత?”

ఆ దీవి రేవులో రెండు షాపులు పక్కపక్కనే ఉన్నాయి. తెల్లతలుపు షాపుతో ఓడకి ఎప్పట్నుంచో ఒప్పందం ఉంది. వసంతకాలంలో ఎర్రతలుపు షాపు కొత్తగా అర్జీ పెట్టుకుంది. నిస్సీ వెళ్లి చూసి, బాగుందని సంతకం పెట్టింది. ఆ తర్వాత కొద్ది వారాలకే అక్కడ నీళ్లలోకి దిగిన ఒక రిటైర్డ్ టీచరమ్మకి తల తిరిగి, వాంతులైతే గైడు పైకి లాక్కొచ్చాడు. ప్రాణం దక్కింది. సిలిండర్లోకి పొగ చేరిందన్నారు డాక్టర్లు. వెంటనే కంపెనీకి పేరులేని మెయిలొకటి వచ్చింది, నిస్సీ లంచం తిని సంతకం పెట్టిందని.

“సెలవులో ఇంటికొచ్చా. ఇటు నుంచి ఇటే పనిలోంచి ఆపేశారు. ఎల్లుండి సాయంత్రం వీడియోలో విచారణ ఆంటీ. అందులో తేలకపోతే ఏ ఓడా నన్ను ఎక్కించుకోదు.”

వెంకటరమణమ్మ కళ్లజోడు పెట్టుకుని, తనిఖీ రోజు నిస్సీ తీసిన ఫోటోలు ఒక్కొక్కటే జరిపి చూసింది. నందిని కూడా తొంగిచూసింది. ఆమెకి నీలాకాశం, ఎర్రతలుపు, నేలమీద వరసగా నిలబెట్టిన లావుపాటి పసుపు సిలిండర్లు కనిపించాయి. చానా బాగున్నాయనిపించింది.

“వెనకాల ఈ చెక్క అరకి గుండ్రటి బొక్కలున్నయ్. ఖాళీగా ఉన్నాయేంది?”

“సిలిండర్లు పెట్టే అరే ఆంటీ. కడగటానికి దింపామన్నారు.”

“ఈ టార్పాలిన్ కింద?”

“గాలి పట్టే మిషను. రిపేరులో ఉందన్నారు. సిలిండర్లు ముందురోజే నింపామన్నారు. నేను పీల్చి చూశా, గాలి శుభ్రంగా ఉంది.”

“మర్యాద బాగా చేశారా?”

ఇది వెంకటరమణమ్మ ఏ కేసులోనైనా అడిగే ప్రశ్నే. నందిని అంతగా పట్టించుకోలేదు.

“చానా బాగా చూశారు. వంటావిడ మార్తా అందరికీ కోడికూర వడ్డించి, నాకు మాత్రం అడక్కుండానే అన్నం, చిక్కుడుగింజల కూర, వేయించిన అరటిపండు పెట్టింది. అవి శ్రమల దినాలు, ఈస్టరు దాకా నేను నీచు ముట్టను. దేవుడే పంపించాడనుకున్నా.”

“దేవుడు పంపించాడో, ఎవరు పంపించారో” అంది వెంకటరమణమ్మ మెల్లగా. “నువ్వు పలానా రోజు తనిఖీకి వస్తావని షాపువాళ్లకి ముందే చెప్తారా?”

“చెప్పకూడదు. మా డెస్కులో ఇద్దరికే తెలుసు. ఒకరు మేనేజర్ హెలెన్. ఆమెకి నేనంటే పడదు. ఆ వారంలోనే తన పుట్టినరోజని నాకు ప్రత్యేకంగా చికెన్ ప్లేటు తెప్పించింది. తినకపోతే మూతి ముడుచుకుని లేచిపోయింది, ఎందుకో చెప్పనివ్వలా. రెండోవాడు ప్రదీప్. చిలకలూరిపేట అబ్బాయి. వాడూ సెలవులోనే ఉన్నాడు, నా తరఫున సాక్ష్యం చెప్తానన్నాడు.”

“హెలెనే పెద్దమ్మా!” అంది నందిని, వాళ్లు మెట్లు దిగీ దిగకముందే.

“మొహాన కోపం కనపడేవాళ్లు అంత తొందరగా గోతులు తవ్వరే. ఆ అబ్బాయిని రేపు రమ్మను.”

మర్నాడు ప్రదీప్ నల్లకళ్లద్దాలు నెత్తిమీదకి తోసుకుని వచ్చాడు. మాటలో ఇంగ్లీషు, నవ్వులో వినయం సమపాళ్లలో కలిశాయి.

“నిస్సీ మంచిపిల్ల ఆంటీ. మోసపోయింది అంతే. ఆ పని అందరికీ చేతగాదు.”

“నువ్వా షాపు చూశావా నాయనా?”

“గడప తొక్కలా! డెస్కు వదిలి దిగే తీరికేదీ? వాళ్ల మొహాలు కూడా నాకు తెలవవు.”

“ఓడలో తిండి బాగుంటదా?”

“బ్రహ్మాండం. నిస్సీదీ నాదీ ఒకటే బల్ల. శ్రమల దినాల్లో దాని చికెనంతా నా పళ్లెంలోకే” అని పకపకా నవ్వాడు.

వెంకటరమణమ్మ కూడా నవ్వి, ఇంకో కాఫీ ఇప్పించి పంపించింది. తర్వాత నందిని వైపు తిరిగింది.

“సంబంధం చూసేటప్పుడు మనం ముందు ఎవరిని అడుగుతాం?”

“పక్కింటివాళ్లని.”

“తర్వాత?”

“పని మానేసిన వంటమనిషిని.”

“మరి ఫోను తీయ్.”

ఆ సాయంత్రం నందిని ఇంగ్లీషు ఎమ్మే మొదటిసారి సముద్రం దాటింది. తెల్లతలుపు షాపు యజమాని రాఫేల్ అనే ముసలాయన. మొదట విసుక్కున్నాడు, తర్వాత ఫోటో చూసి గట్టిగా అరిచాడు, ఆ తర్వాత ఇంకొకరిని ఫోను దగ్గరికి పిలిచాడు. అంతా విన్న వెంకటరమణమ్మ విచారణకి వాళ్లిద్దరినీ రమ్మనమని, కిందకెళ్లి సల్మాన్ షాపులోంచి పెద్ద టీవీ ఒకటి అడిగి తెమ్మని పురమాయించింది.

విచారణ వేళకి మేడగది నిండింది. ఆరోగ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏలియా క్వారీ దుమ్ము కడుక్కున్న చేతులు ఒళ్లో పెట్టుకుని, నిస్సీ నిటారుగా కూర్చున్నారు. ప్రదీప్ ముందు కుర్చీ తీసుకున్నాడు. టీవీలో ఒక గడిలో హెలెన్, ఇంకో గడిలో కంపెనీ పెద్ద దర్శనమిచ్చారు. వెంకటరమణమ్మ తెలుగులో చెప్పింది. నందిని ఇంగ్లీషులో అందించింది.

“అయ్యా, నేను సముద్రం చూసింది సూర్యలంకలో, అదీ మోకాలి లోతు దాకా. అందుకని నాకు తెలిసిందే చెప్తా. ఆమధ్య ఈపూరు దగ్గర ఒక సంబంధం చూడటానికి వెళ్లాం. పెళ్లికొడుకింట్లో మెరిసిపోయే సోఫా ఉంది. సోఫా చూసి అందరూ మురిశారు, నేను నేల చూశా. సోఫా కాళ్లకింద మరకలేదు. పక్కన మాత్రం నులకమంచం కోళ్ల గుంటలు నాలుగున్నయ్. చూపులకని సోఫా అరువు తెచ్చారు.”

కంపెనీ పెద్ద ముందుకి వంగాడు.

“ఈ ఫోటో చూడండి. అర బొక్కలు సన్నం, సిలిండర్లు లావు. కడగటానికి దింపలా. అవి ఆ అరలో పట్టవు. ఆ ఇంటి సిలిండర్లు కావవి. సొంత మిషను మీద టార్పాలిన్ కప్పింది కూడా రిపేరుకి కాదు, నిస్సీ కంట పడకుండా. రాఫేల్‌గారూ, మీరు చెప్పండి.”

మూడో గడిలో ముసలాయన ప్రత్యక్షమయ్యాడు. పసుపు సిలిండర్లు తనవేనని, పడవల పండగ ఊరేగింపులో పెడతామని ఎర్రతలుపువాళ్లు ఒక్కపూటకి అడిగితే ఇచ్చానని చెప్పాడు. వాళ్ల మిషను గాలి పీల్చే గొట్టం జనరేటరు పొగ పక్కనే ఉంటుందని, ఆ సంగతి రేవంతా తెలుసనీ, తననెవరూ అడగలేదనీ వాపోయాడు.

“అంటే తనిఖీ సంగతి వాళ్లకి ముందే చేరింది” అన్నాడు కంపెనీ పెద్ద. “చేరవేసింది ఎవరు?”

“దానికి సాక్ష్యం ఒక భోజనం పళ్లెం. చూపులకెళ్లిన చోట, మన పిల్లకి ఏది పడదో అడక్కుండానే తెలుసుకుని వండారంటే, మధ్యవర్తి ముందుగానే కబురు పంపినట్టు. ఆ రోజు నిస్సీ నీచు తినదని మార్తాకి ఎట్లా తెలిసింది? హెలెన్‌గారికి తెలియదు. తెలిస్తే ఆ వారంలోనే చికెన్ తెప్పించి అలిగేది కాదు.”

హెలెన్ మొహం ఎర్రబడింది. ఉపవాసమని తనకి ఇప్పుడే తెలిసిందనీ, అవమానించిందనుకున్నాననీ గొణిగింది.

“తనిఖీ ఏ రోజో తెలిసి, ఉపవాసమూ తెలిసినవాళ్లు ఒక్కరే” అంది వెంకటరమణమ్మ, ప్రదీప్ వైపు చూడనైనా చూడకుండా. “అయినా నామాట ఎందుకు? మార్తమ్మా, రా తల్లీ.”

రాఫేల్ పక్కకి తలకి గుడ్డ చుట్టుకున్న ఒక లావుపాటి మనిషి వచ్చి నిలబడింది. ప్రమాదం తర్వాత ఎర్రతలుపు షాపులో పని మానేసి, తెల్లతలుపులో చేరిన మనిషి. టీవీలోంచి గదంతా కలియచూసి, ముందు కుర్చీ మీద కన్ను పడగానే మొహమంతా నవ్వు చేసుకుని చెయ్యూపింది.

“హలో ప్రదీప్! నువ్వు చెప్పినట్టే ఆ పిల్లకి మాంసం లేకుండా వండాను గదా. ఈ ఏడాది మళ్లీ ఎప్పుడు వస్తావు?”

దాన్ని తెలుగు చెయ్యాల్సిన పని నందినికి తప్పింది. హలో, ప్రదీప్, ఈ రెండూ ఏలియాకి కూడా అర్థమయ్యాయి.

“గడప తొక్కలేదన్నావే నాయనా” అంది వెంకటరమణమ్మ.

ప్రదీప్ లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. ఓడ ఉద్యోగం మానేశాక షాపులో భాగమిస్తామన్నారని, గాలి అంత చెడ్డదని అనుకోలేదని, టీచరమ్మకి అట్లా అయ్యాక అందరూ తనవైపు చూడకుండా ఆ మెయిలు తనే రాశానని ఒప్పుకున్నాడు.

“ఒరేయ్!” అని లేచాడు ఏలియా. “మా పిల్ల కంచంలో తిని, దాని మీదే రాశావంట్రా?”

“కూర్చో ఏలియా. నీ చెయ్యి పడితే కేసు నీ మీదికి తిరుగుద్ది” అంది వెంకటరమణమ్మ. “అయినా ఒకటి చెప్పాలి. దొంగపని చేస్తూ కూడా ఆ పిల్ల ఉపవాసం చెడకూడదనుకున్నాడు. వాణ్ణి పట్టించింది ఆ కాస్త మంచితనమే.”

కంపెనీ పెద్ద నిస్సీకి క్షమాపణ చెప్పి, పనిలోకి రమ్మన్నాడు. ఇకమీద ఏ దీవిలో ఏ షాపు చూడాలన్నా ముందు పక్కషాపులో అడగాలన్న నియమం ఆమె చేతే రాయిస్తానన్నాడు. హెలెన్ ఆమె భోజనం సంగతి ఇక తానే కనుక్కుంటానంది.

అందరూ దిగిపోయాక నందిని ఉండబట్టలేక అడిగింది. “పెద్దమ్మా, అంత తేలిగ్గా ఎట్లా పట్టుకున్నావ్?”

“తేలికేముంది. అరువు సామాను నా కంటికి ఇట్టే ఆనుద్ది.” ఆవిడ గోడకి ఆనించిన పెద్ద టీవీ వైపు చూసింది. “ముందా సల్మాన్‌కి అది ఇచ్చిరా. చూస్తే మనదే అనుకుంటారు.”

ఆ ఆదివారం గురజాల చర్చిలో, సాక్ష్యాలు చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని పాస్టరుగారు అడిగీ అడక్కముందే ఆరోగ్యమ్మ లేచి నిలబడింది. ముందువరస దాకా నడిచి, కూతుర్ని పక్కన నిలబెట్టుకుని, సిలిండర్లు, చెక్క అర, మార్తా వంట ఒక్కటీ వదలకుండా చెప్పింది. లంచం మాట మోసినవాళ్లంతా రెండో వరసలోనే ఉన్నారు. వాళ్లకి బాగా వినపడాలని మైకు అడిగి పుచ్చుకుంది. పాస్టరుగారు గడియారం చూసుకున్నారు. ఆవిడ గడియారం వైపు చూడలేదు.

నిస్సీ ఓడెక్కిన రోజున వెంకటరమణమ్మ బోర్డులు రాసే బ్రహ్మాన్ని పిలిపించింది. నిచ్చెన మీద వాడు, కింద నడుముమీద చెయ్యి వేసుకుని ఆవిడ. సాయంత్రం మల్లమ్మ సెంటర్ నుంచి వస్తూ నందిని తలెత్తి చూసింది. పాత వాక్యం కింద, ఇంకా ఆరని ఎర్రరంగులో మరో వాక్యం ఉంది.

‘సముద్రం అవతలివి కూడా.’