ఒకటో లెవెల్లో గంగ

"నా గంగ ఏం పాపం చేసిందని ఇంకా ఒకటో లెవెల్లోనే ఉండాది?"

నయన పాచికను బల్ల మీద విసిరికొట్టింది. అది ఎగిరి చీరల మూటల సందులో పడింది. యోగేశ్ వంగి దాన్ని వెతికి తీశాడు.

రాబర్ట్‌సన్‌పేటలో యోగేశ్ వాళ్ళ బట్టల కొట్టు, దాని మేడ మీద గోడౌన్. ఆదివారం కొట్టు మూసేస్తారు కాబట్టి మధ్యాహ్నం అక్కడ నలుగురు చేరి ఆట ఆడతారు. ఆటంటే పేకాట కాదు. యోగేశ్ కథ చెబుతాడు. కోటలు, గుహలు, రాక్షసులు అన్నీ వాడి నోట్లోంచే పుడతాయి. తక్కిన ముగ్గురూ తలా ఒక మనిషిని కల్పించుకుని ఆ కథలోకి దూరతారు, పాచిక వేసి తలపడతారు. గెలిస్తే మార్కులు. మార్కులు చేరితే లెవెల్ పెరుగుతుంది, లెవెల్ పెరిగితే బలం పెరుగుతుంది. యోగేశ్ స్నేహితుడు గిరీశ్ కల్పించిన యోధుడు ఇప్పుడు గుద్దితే కొండ చీలుతుంది. యోగేశ్ చెల్లెలు సుమ కల్పించిన మంత్రగత్తె గాల్లో ఎగురుతోంది. నయన కల్పించిన గంగ వైద్యురాలు. ఎలుక కరిచినా చచ్చిపోయేంత చిన్న లెవెల్.

"రూల్ అది మేడమ్. రాక్షసుణ్ణి చంపినోళ్ళకే మార్కులు" అన్నాడు యోగేశ్, లేని గాంభీర్యం తెచ్చిపెట్టుకుని.

నయన సొంతూరు లక్కూరు. సుమతో పాటు ఇక్కడి స్కూల్లో సైన్సు చెబుతుంది. హోంవర్కు చెయ్యని పిల్లల్ని చూసే చూపు ఒకటుంది ఆమెకు. ఆ చూపే చూసింది.

"చంపినోళ్ళకు కట్లు కట్టినదెవరప్పా? మూడు తలల రాక్షసునికి రాగి ముద్ద పెట్టి దారి విడిపించినదెవరు? మొన్న బజార్లో మైకు పట్టుకోని ఏమంటిరి? చాకిరీ ఒకరిది, పెత్తనం ఇంకొకరిది, సహించం అంటిరి కదా?"

"అనినాడు మేడమ్. నేను చప్పట్లు కూడా కొట్టినా" అన్నాడు గిరీశ్.

యోగేశ్ చెవులు కాలిపోయాయి. కొట్టు పనివాళ్ళకు వారానికో రోజు సెలవు కావాలని కన్నతండ్రి కొట్టు ముందే నినాదాలిచ్చిన వీరుడు వాడు. ఆ సెలవు రోజునే ఇక్కడ కూర్చుని చిన్న జమీందారులా మార్కులు పంచుతున్నాడు. అసలు సంగతి ఇంకా సిగ్గుచేటు. నయన మొదటిసారి ఆ మేడ ఎక్కిన రోజు వాడు రాక్షసుడి గొంతు పెట్టబోయి కీచుమన్నాడు. గిరీశ్ ముసిముసిగా నవ్వాడు. పక్షపాతం అంటారేమోనని ఆ రోజు నుంచి ఆమెకు ఒక్క మార్కూ వెయ్యలేదు. ఇదీ వాడి న్యాయం.

ఇప్పుడు బెదిరిపోయి ఇంకా పెద్ద తప్పు చేశాడు.

"సరే. గంగకు ఐదో లెవెల్. ఇచ్చేసినా. చాలునా?"

నయన లేచింది. "భిక్షం వేస్తా ఉండారా? మీరే ఉంచుకోండి. ఇంగ నేను రాను."

చకచకా మెట్లు దిగిపోయింది. సుమ అన్న వైపు తిరిగింది.

"అన్నా, ఆమె అంటే అన్నట్టే. నిజంగానే రాదు. ఈ పొద్దు పోతే నీ మొహానికి ఇంగొకరు దొరకరు. పో!"

దేవుడు యోగేశ్ తెలివిని నమ్మలేదు కాబోలు, వానను పంపాడు. పాత బంగారు గనుల సైనైడ్ దిబ్బల మీదుగా వచ్చిన ఆ వాన బజారంతా ఒక్క దులుపు దులిపింది. నయన కొట్టు చూరు కింద చిక్కుకుపోయింది. యోగేశ్ మూటల మీద కప్పే ప్లాస్టిక్ పట్టా నెత్తిన వేసుకుని దిగాడు.

"గొడుగు లేదా?"

"ఉండాది. కంగారులో ఇది చేతికొచ్చింది."

ఆమె నవ్వు ఆపుకుంది. వాడు పట్టాలో ఒక అంచు ఆమెకిచ్చాడు.

"ఐదో లెవెల్ ఇస్తే ఎందుకు కోపం?"

"మా ఇంట్లో పట్టుపురుగులు సాకుతాము. పురుగు ఆకు తినేది మానేసి, తలెత్తుకోని కదలకుండా కూచుంటుంది. అప్పుడే పొర విడిచి పెద్దదవుతుంది. తొందరపడి మనం లాగితే చచ్చిపోతుంది. మీరేమో ఒక్క మాటతో అన్ని పొరలూ చించేస్తిరి. గంగ చేసిన పని ఒక్కటన్నా మీకు గుర్తుండాదా?"

"గుహలో గబ్బిలానికి రెక్క కట్టింది. గిరీశ్ యోధుడు విషం తాగితే ఉప్పునీళ్ళు పోసి కక్కించింది. దొంగకు దుప్పటి ఇచ్చి తాను చలికి వణికింది. వంతెన కూలేటప్పుడు అందరూ పరిగెత్తితే, కుంటి గుర్రం కోసం వెనక్కి తిరిగింది..."

వాన ఆగింది. వాడు ఆగలేదు. చెబుతూనే ఉన్నాడు.

"ఇన్ని గుర్తు పెట్టుకోని మార్కులెందుకు వెయ్యలే?"

"వేస్తే అందరికీ తెలిసిపోతాదని."

"ఏమి?"

మైకు దొరికితే గంట సేపు వదలని నోటికి ఇప్పుడు మూడు మాటలకే చెమటలు పట్టాయి.

"మీరంటే నాకు ఇష్టమని."

"గిరీశ్‌కు తెలుసు, సుమకు తెలుసు, మీకు టీ తెచ్చే మునేష్‌కు కూడా తెలుసు. నేనొక్కతే వెర్రిదాన్ని. నన్ను చూస్తే మీకు గిట్టదనుకుంటి." నయన పట్టా అంచు వదల్లేదు. "పై వారం వస్తా. అయితే కథ చెప్పేది నేను. మీరు ఒకటో లెవెల్లో కూచోండి."

పై ఆదివారం యోగేశ్ కూలివాణ్ణి కల్పించుకున్నాడు. వాడి చేతిలో కర్ర కూడా లేదు. నయన కథ మొదలుపెట్టింది.

"ముందర ఒక ఇల్లుండాది. వాకిట్లో ఒక పెద్దాయన మల్బరీ ఆకు తరుగుతా ఉండాడు. పేరు గోవిందప్ప. మీరేం చేస్తారు?"

"గుద్దు మచ్చా!" అన్నాడు గిరీశ్, స్నేహితుణ్ణి ఎగదోస్తూ.

సుమ వాడి నెత్తిన ఒక్కటిచ్చింది. "నోరు మూసుకో. అది నయన వాళ్ళ నాయన పేరు."

యోగేశ్ సర్దుకుని కూర్చున్నాడు. "చెప్పులు విడిచి... నమస్కారం పెట్టి... పక్కన కూచుని నేనూ ఆకు తరుగుతా."

"పాచిక వెయ్యండి."

ఒకటి పడింది. అంతకంటే తక్కువ ఆ పాచికలో లేదు.

నయన గొంతు బొంగురు చేసింది. "ఎవురప్పా నువ్వు? పిల్ల పురుగులకు ఇంత లావుగా తరుగుతారా? యాడ నేర్చుకుంటివి?"

"యాడా నేర్చుకోలేదప్పా. మీరు నేర్పిస్తే నేర్చుకుంటా."

నయన ఆట గొంతు వదిలేసి తన గొంతుతో అంది.

"ఈ జవాబుకు ఒక మార్కు."

"ఒక్కటేనా?"

"తక్కినవి ఆయన వేస్తాడు. ఇంట్లో చెప్పేసినాను. వచ్చే వారం లక్కూరుకు రమ్మన్నాడు."