ఎడమ స్పీకరు అలక

మూడోసారి కూడా ఎడమ స్పీకరు నోరు విప్పలేదు.

మణిశంకర్ మాస్టారు ఆంప్లిఫయరు నెత్తిన చేత్తో ఒక్కటిచ్చారు. అయినా ఉలుకూ పలుకూ లేదు. కుడి స్పీకరు మాత్రం, ఎవరేమైపోతే నాకేం అన్నట్టు, హాయిగా సన్నాయి వినిపిస్తోంది.

ఆ ఆంప్లిఫయరు మాస్టారి నాన్నగారు కొన్నది. వాల్యూమ్ తిప్పితే గరగరమంటోందని దసరాకి ముందు పాలకొల్లు బస్టాండు దగ్గర లోవరాజు కొట్లో ఇచ్చారు. లోవరాజు కొత్త వాల్యూమ్ కంట్రోల్ వేసి, పండగనాడు పొద్దున్నే రిక్షాలో తెచ్చి దింపాడు. సాయంత్రం టేపు పెడితే పాట కుడివైపే వచ్చింది.

మర్నాడే కొట్టుకి పట్టుకెళ్లారు. అక్కడ లోవరాజు తన వైరు తగిలించి పెడితే రెండు వైపులా ఖంగున మోగింది. ఇంటికి తెస్తే మళ్లీ మూగనోము. మాస్టారు స్పీకర్లు అటూ ఇటూ మార్చారు. టేపు వైరు కొత్తది తెచ్చి పెట్టారు. మళ్లీ రిక్షా, మళ్లీ కొట్టు, అక్కడ మళ్లీ పాట. ఎవరికైనా ఒళ్లు మండదూ? చివరికి ఇవాళ లోవరాజునే వెంటబెట్టుకొచ్చారు.

"కొట్లో పాడింది ఇంట్లో ఎందుకు పాడదయ్యా?"

"ఆయ్, అదే అర్థం కావట్లేదండి. నేనేసిన పార్టు మాత్రం బానే ఉందండి."

మాస్టారికి ఓపిక అయిపోయింది. పాత పార్టేదో తెచ్చి కొత్తదని అంటగట్టావనేశారు. స్కూలు మైకు సెట్టు బాగుచేసే పని నీకిమ్మని హెడ్మాస్టరుగారికి తనే చెప్పారట. ఈ సాయంత్రమే వెళ్లి వద్దని చెప్పేస్తారట.

లోవరాజు మొహం చిన్నబోయింది. "ఇన్నేళ్లలో నన్నెవరూ అంత మాట అనలేదండి" అన్నాడు. మాస్టారి భార్య మధులత ఇచ్చిన కాఫీ ముట్టుకోకుండా సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఇదంతా తలుపు పక్క నుంచి ఉమాశ్రీ చూస్తోంది. మాస్టారి కూతురు, ఆరో క్లాసు. ఇంట్లో ఏది పాడైనా, అడగక ముందే "నేను ముట్టుకోలేదు" అనడం ఆ పిల్లకి అలవాటు. ఈసారీ మొదటిరోజే అనేసింది.

మాస్టారు ప్లగ్గు పీకేసి, విసుక్కుంటూ మొహం కడుక్కోడానికి పెరట్లోకి వెళ్లారు. ఆంప్లిఫయరు మీద లేసు గుడ్డ కప్పమని అమ్మ చెబితే ఉమాశ్రీ వచ్చింది. లోవరాజు దాన్ని వీపు ఇటు తిప్పి వదిలేశాడు. టేపు వైరు పెట్టే ఎడమ సాకెట్టు చుట్టూ సన్నగా పసుప్పచ్చటి చార కనిపించింది.

ఉమాశ్రీ గోటితో గీకి చూసింది. గంధం!

దసరానాడు ఆయుధపూజ. అమ్మ స్కూటరుకీ కుట్టుమిషనుకీ గంధం, కుంకుమ పెడుతూ, అప్పుడే రిక్షా దిగిన ఆంప్లిఫయరుని ఉమాశ్రీకి అప్పజెప్పింది. ఆ పిల్ల ముందువైపు నాబ్‌లకి బొట్లు పెట్టింది. వెనక గుండ్రటి సాకెట్లు బోసిగా కనిపించాయి. ఎడమదానికి వేలితో తడిగంధం దట్టంగా అద్ది బొట్టు పెట్టింది. కుడిదానికి పెట్టబోతుంటే అమ్మ గారెలు తినమని పిలిచింది. ఆ గంధం కాస్తా సాకెట్లోకి దిగి గట్టిగా ఎండిపోయి, వైరుకి అడ్డుపడింది.

చుట్టూ చూసింది. ఎవరూ లేరు. వైరు లాగి, జడపిన్నుతో గీకితే గంధం పొడిపొడిగా రాలింది. ఊదేసి, వైరు మళ్లీ పెట్టేసి, లేసు గుడ్డ కప్పేసింది. ఇంక ఎవరికీ తెలియదనుకుంది.

మాస్టారు ఊరుకునే మనిషా? తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, ఆఖరిసారి చూద్దామని ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశారు. రెండు స్పీకర్లూ ఒక్కసారే అందుకున్నాయి.

"చూశావా మధులతా, ఇందాక నేను వేసిన దెబ్బకి దారిలోకొచ్చింది. అంటే లోపల లోవరాజు పెట్టిన అతుకే వదులన్నమాట."

లోవరాజుకి పని రాదని రుజువైపోయిందట. చొక్కా వేసుకుని హెడ్మాస్టరుగారింటికి బయల్దేరారు.

సన్నాయి బ్రహ్మాండంగా మోగుతోంది. ఉమాశ్రీకి ఒక్క ముక్క చెవికెక్కలేదు. లోవరాజు వదిలేసిన కాఫీ బల్లమీదే చల్లారి మీగడ కట్టింది. దాన్ని చూస్తే ఏడుపొస్తోంది.

మాస్టారు చెప్పుల్లో కాళ్లు పెట్టారు.

"నాన్నగారూ, దెబ్బకి కాదండి. నేనే."

గంధం సంగతీ, జడపిన్ను సంగతీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నాన్నగారు అరుస్తారనుకుంది. అరిచారు కూడా. నాలుగు రోజులుగా తన ప్రాణం ఎలా తోడేసిందో మొదటి రిక్షా నుంచీ ఏకరువు పెట్టారు. మధ్యలో ఆయన చూపు కాఫీ గ్లాసు మీద పడింది. గొంతు తగ్గిపోయింది.

"నీ సంగతి సరే. నేనన్న మాటల్నేం చెయ్యాలి?" అన్నారు.

హెడ్మాస్టరుగారింటికి వెళ్లాల్సిన స్కూటరు బస్టాండువైపు తిరిగింది. వెనకసీట్లో ఉమాశ్రీ.

కొట్లో నలుగురు రేడియోలు పట్టుకుని నిలబడ్డారు. లోవరాజు మాస్టార్ని చూసి మళ్లీ తల దించుకున్నాడు. మాస్టారు స్కూటరుకి స్టాండు వేస్తుండగానే ఉమాశ్రీ ముందుకొచ్చింది. ఆ నలుగురికీ వినపడేట్టే చెప్పింది.

"లోవరాజుగారూ, మీ పార్టు బానే ఉందండి. సాకెట్లో గంధం పెట్టింది నేనండి."

మాస్టారు కొట్టు మెట్టెక్కారు. "తప్పు మాటన్నాను, ఏమనుకోకు" అన్నారు. మైకు సెట్టు రేపే పంపిస్తానన్నారు.

లోవరాజు చేతిలో పని పక్కన పెట్టాడు. తరవాత మెల్లగా నవ్వాడు. "ఆయ్, నేనూ కొట్లో ఎప్పుడూ పక్క సాకెట్లోనే వైరు పెట్టి చూశానండి. మీ టేపు వైరు పెట్టేదాంట్లో ఓసారి పెట్టి చూడాల్సింది."

మర్నాడు పొద్దున్న వంటింట్లోంచి అమ్మ కేక వినిపించింది. పంచదార డబ్బా మూత ఎవరు తీసి వదిలేశారు, నిండా చీమలే అంటోంది.

"నేను ముట్టు..." అని సగంలో ఆగిపోయింది ఉమాశ్రీ. పుస్తకం మూసి వంటింట్లోకి నడిచింది.

"నేనేనమ్మా" అని, డబ్బా ఎండలో పెట్టడానికి పెరట్లోకి పట్టుకెళ్లింది.