రాలుచెవి వినని తొమ్మిది రోజులు

పైడితల్లికి పీహెచ్‌డీ సీటు ఇచ్చింది సముద్రం కాదు, వాళ్ళమ్మేనని పక్కింటి కొర్లమ్మ చేపల వేలంపాట దగ్గర అందట. ఆ మాట ఐసు గోదాం చుట్టూ తిరిగి తిరిగి, తల్లి పోలమ్మ పోయిన నెలకి కూతురి చెవిన పడింది. పైడితల్లి ఏమీ అనుకోలేదు. ఆ నెల్లో ఆమె దేని గురించీ ఏమీ అనుకోలేదు. అన్నం తింది, కంప్యూటర్ తెర చూసింది, పదింటికి ఎండ సైరను మోగితే అందరితోపాటు తలుపు మూసుకుంది.

అది 2083. పదింటి నుంచి అయిదింటి దాకా ఎవరూ బయట తిరక్కూడదు. ఎండుచేపలు ఎత్తడానికి ఓ పావుగంట ఆగిన పోలమ్మ, వడదెబ్బ తగిలి ఆ ఇసుకలోనే ఒరిగిపోయింది.

గెడ్డవానిపాలేనికి ఎదురుగా, నలభై బారల లోతున, రాలుచెవి ఉంది. సముద్రం పైన తేలే కంటికానని ప్లవకాలు మన పొగలోని కార్బన్‌ను తిని బతుకుతాయి. చచ్చాక ఒకదానికొకటి అంటుకుని, ఊక రాలినట్టు అడుక్కి రాలి, కార్బన్‌తో సహా బురదలో కలిసిపోతాయి. శాస్త్రజ్ఞులు దాన్ని మెరైన్ స్నో అన్నారు. మంచు ఎరగని పాలెం జనం రాలుపొట్టు అన్నారు. రాలుచెవి అంటే బురద మీద పరిచిన పల్చటి పొర. రేణువు వాలినప్పుడల్లా ఆ చప్పుడు వింటుంది. తీరం పొడుగునా అలాంటివి రెండొందల పన్నెండు. సముద్రం ఎంత మింగిందో అవి చెబితే, దాన్నిబట్టి ఎంత పొగ వదలొచ్చో ఫ్యాక్టరీ చిమ్నీలకు అనుమతి ఇచ్చేవారు. చెవిని కాపాడినందుకు ఊరికి ఒక బహుమానం ఉంది. ఏ ఏడు రాలిన పొట్టు లెక్క పెట్టిన గీత దాటితే ఆ ఏడు ఊరి పిల్లల్లో ఒకరికి ప్లవకశాస్త్రంలో డాక్టరేటు సీటు, చదివినన్నాళ్ళూ జీతం. దాటకపోతే ఆ సీటు ఇంకో ఊరికి పోతుంది.

పైడితల్లి పరిశోధన తమ ఊరి చెవి మీదే. మామూలు రోజుల్లో గంటకి నాలుగు వందల రేణువులు. ఏడాదిలో తొమ్మిది రోజులు మాత్రం నాలుగో అయిదో. యంత్రంలో లోపమనుకుని తారీఖులు రాసుకుంది. చివరి తారీఖు దగ్గర కలం ఆగింది. అది అమ్మ పోయిన రోజు.

మిగతా ఎనిమిదీ ఎవరెవరు పోయిన రోజులో పాలెంలో అడిగితే తెలిసిపోయింది. ఊళ్ళో చావు జరిగితే ఆ రోజు ఏ పడవా నీళ్ళలోకి దిగదు. తాతలనాటి కట్టుబాటు.

కొర్లమ్మను అడిగింది. ఆవిడ దాచలేదు. వేటకెళ్ళే ప్రతి పడవా ఒక డ్రమ్ము గంజి పట్టుకెళ్ళి, చెవికి గుర్తుగా నీళ్ళ మీద తేలేసిన బుడ్డి దగ్గర వంచుతుందట.

"మన పాలెంలో మీ యమ్మే కనిపెట్టింది. బూడిద కలిపిన గంజి ఉప్పునీట్లో ఇరిగి, అచ్చం పొట్టులాగే దిగిపోతాది. నీకు సెప్పొద్దని ఒట్టేయించుకుంది."

"తను పోయిన రోజు ఎవరూ పొయ్యలేదు, పిన్నీ."

"ఆ రోజు పడవ తియ్యకూడదు గదే."

అంటే సముద్రం నిజంగా రాల్చేది గంటకి ఆ నాలుగో అయిదో మాత్రమే. పైడితల్లి ఏడవలేదు. సిటీకి బస్సెక్కి, గైడు సూరాడ ధర్మారావు గారి ముందు ఆ తొమ్మిది తారీఖులూ పెట్టింది. ఆయన ఆశ్చర్యపోలేదు. తెర తిప్పి మిగతా చెవులు చూపించాడు. ప్రతిదానికీ దాని మూగరోజులు ఉన్నాయి. ఒక ఊరి రోజులు ఇంకో ఊరికి కలవవు. ఎవరి చావులు వారివి.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు సార్?"

"నా సీటూ ఇలా వచ్చిందేనమ్మా. మా అయ్య పోసేవాడు."

నువ్వు థీసిస్‌లో రాస్తే సంతకం పెడతానన్నాడు. కానీ ఈ తొమ్మిది రోజులూ యంత్రం పాడైందని కొట్టిపారేస్తారట. ఒక్క నెల రోజులు గంజి ఆపించి చూపిస్తే ఎవడూ కాదనలేడట. మీ ఊళ్ళో ఎందుకు ఆపించలేదని ఆమె అడిగింది. మావాళ్ళని అడగలేకపోయానన్నాడు.

మర్నాడు చేపల పాట అయ్యాక పైడితల్లి అందరినీ ఆపి, ఉన్నదున్నట్టు చెప్పింది. సముద్రం మింగడం మానేసి చాలా కాలమైందని, మనం పోసే గంజిని చూసే పైన చిమ్నీలు కాలుతున్నాయని, ఆ వేడికే మనవాళ్ళు పోతున్నారని. ఒక్క నెల ఆపండి, సీటు పోతే పోయింది, నా థీసిస్ ఎటు పోయినా పరవాలేదు అంది. మగవాళ్ళు వలల వంక చూశారు. సైరనుకి ఇంకా టైముంది, అయినా కొందరు గంపలు ఎత్తుకున్నారు.

కొర్లమ్మ మాత్రం కదల్లేదు. ఆవిడ కూతురు ఆ ఏడే డిగ్రీ పూర్తి చేసింది. ఆ పిల్ల కూడా అక్కడే, తల్లి పక్కన నిలబడి ఉంది.

"నీ సీటు నీకొచ్చీసింది," అంది కొర్లమ్మ. "మా గుంటకింకా రానేదు."