పనేమీ లేని కోడలు

"దాన్ని ముట్టుకోవద్దు!"

ఉరుకుందమ్మ కేకకు ఆడవాళ్ళ వార్డంతా ఇటు తిరిగింది. అమ్మ మంచం వైపు పరుగెత్తుకొస్తున్న ఎనిమిదేళ్ళ పవిత్ర మధ్యలోనే బిక్కచచ్చి ఆగిపోయింది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో కూర్చున్న ప్రమీల చేతులు చాచినవి చాచినట్టే ఉండిపోయాయి. కన్నకూతుర్ని గుండెకు హత్తుకోవడానికి కూడా అత్తగారి అనుమతి కావాలా... భగవంతుడా!

కోడుమూరు నుంచి ఆమెను కర్నూలు పెద్దాసుపత్రికి తెచ్చి వారం దాటింది. ఊపిరాడనివ్వని దగ్గు, నాలుగడుగులేస్తే ఆయాసం, పొద్దు వాలితే జ్వరం. కళ్ళె పరీక్ష చేశారు, రక్తం తీశారు, ఎక్స్‌రే అన్నారు, స్కానింగ్ అన్నారు. ఊపిరితిత్తుల నిండా మచ్చలున్నాయి గానీ జబ్బు పేరు మాత్రం తేలలేదు. డాక్టర్లకు తేలని పేరు ఉరుకుందమ్మకు ఎప్పుడో తేలిపోయింది... క్షయ! కాదని డాక్టరమ్మ నోరు నొప్పి పుట్టేలా చెప్పినా ఆమె చెవికెక్కలేదు. కోడలికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టేసింది.

"నేనేం చెడ్డదాన్ని కాదమ్మే," అంది ఉరుకుందమ్మ, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని. "ఈడ్నించి నేరుగా ఆత్మకూరుకు పో. మీ అమ్మకాడ ఉండు. నయమైతే మావోడు ఉమా వచ్చి పిల్చుకొస్తాడు. పిల్ల మాత్రం మాకాడ్నే ఉంటాది."

"నయం కాకపోతేనో అత్తా?"

ఉరుకుందమ్మ పవిత్రను తన వైపు లాక్కుంది. ప్రమీల భర్త వైపు చూసింది. మగ్గం మీద కూర్చుంటే తెగిన పోగును క్షణంలో పట్టుకునే ఉమామహేశ్వరకు, పెళ్ళాం కళ్ళలోకి చూడటం మాత్రం చేతకాలేదు. గోడ మీది బల్లిని చూస్తూ నిలబడ్డాడు, మహానుభావుడు!

ఆ క్షణంలో ప్రమీలకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో గొంతు పెంచి ఎరగని మనిషి!

"నేను పోను! నా ఇంటికే పోతా, నా బిడ్డకాడికే పోతా. మీకు చేతనైతే నన్ను ఈడ్చి ఆత్మకూరు బస్సెక్కించండి, చూస్తా..." మాట పూర్తికాకముందే దగ్గు తెర కమ్ముకొచ్చింది. పక్క మంచం ఆమె లేచొచ్చి వీపు నిమిరింది.

అంతలో డాక్టరమ్మ వచ్చింది. "రేపు గొంతులోంచి సన్నటి గొట్టం వేసి, ఊపిరితిత్తి లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి," అని, ఉమామహేశ్వర వైపు తిరిగింది. "దానికి ముందు మళ్ళీ అడుగుతున్నా. ఈమె ఏం పని చేస్తుంది?"

"పనేం లేదు మేడం. ఇంటికాడ్నే ఉంటాది. నేసేది నేను."

పాపం, అతను అబద్ధం చెప్పలేదు. వాళ్ళ ఇళ్ళల్లో మగ్గం మీద కూర్చున్నవాడే నేతగాడు. ఆడది నూలు కండెలు చుట్టేది, పడుగు దారాలకు గంజి పెట్టేది, ఆ గంజి కోసం చింతగింజలు వేయించి దంచేది... ఇవేవీ పని కిందికి రావు! ముగ్గు వేయడం, అంట్లు తోమడం లాగా అవి కూడా ఆమెతో పాటు కాపురానికి వచ్చినవే. అడిగిన ప్రతిసారీ అతను అదే జవాబు చెప్పాడు, ప్రమీల కూడా నిజమే కదా అనుకుని తలూపింది. ఈరోజు మాత్రం ఆమె తల ఊగలేదు.

"పనుండాది మేడం!" అంది. "ఆయన నేసే చీరకు బిగువు నా గంజితోనే వస్తాది. తెల్లారితే చింతగింజలు దంచుతా, జల్లిస్తా. పిండి గాలికి పోతాదని తలుపు మూసుకోని దంచుతా. బయటికొస్తే ఎంటికలు, రెప్పలు అంతా పిండే!"

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది. "పుట్టింటికి పోయినప్పుడు దగ్గు తగ్గేదా?"

"తగ్గేది మేడం. వచ్చి రోకలి పట్టుకుంటే మళ్ళ మొదలు."

"ఆ పొడి పడకనే ఇట్లా అయ్యుండొచ్చు. ఇదేనని ఇప్పుడే చెప్పను, రేపటి పరీక్ష జరగాల్సిందే. అంటుకునే జబ్బు మాత్రం ఏదీ దొరకలేదు. బిడ్డను దూరం పెట్టకండి."

"అదొక పనా మేడం!" ఉరుకుందమ్మ ఉక్రోషం పట్టలేకపోయింది. "మా అత్త దంచింది, నేను దంచితిని. నాకేమయ్యిందని..." అంటుండగానే ఆమెకూ దగ్గు వచ్చింది. ఎంతసేపటికీ ఆగదే!

డాక్టరమ్మ ఆమె వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. "మీ అత్తగారు ఎట్లా పోయిందవ్వా?"

ఉరుకుందమ్మ కొంగు మళ్ళీ మూతికి అడ్డం పెట్టుకుంది. "దగ్గి దగ్గి పోయింది తల్లీ... క్షయ అనిరి. గొడ్లపాకలో పండబెడితిమి. మనవడిని ఒక్కసారి చూపించమని ఏడ్చె... నేనే చూపించకపోతిని..." కొంగు మూతి నుంచి కళ్ళకు చేరింది.

ప్రమీల భర్తనే చూస్తూ అంది: "నేను ఇంటికే వస్తా. ముందు ఆ దంచే గదికి కిటికీ పెట్టల్ల. ఇంకమీద గింజలు మర పట్టిస్తావో, బయట నువ్వే దంచుతావో నీ ఇష్టం. నేను మాత్రం ఆ రోకలి ముట్టను."

"మగోణ్ణి, నేను రోకలి..."

"నోర్ముయ్‌రా!" ఉరుకుందమ్మ గద్దించింది. "కిటికీ కాదు, గోడే పగలగొట్టు!" పవిత్ర చెయ్యి పట్టుకుని తెచ్చి, మంచం మీద తల్లి ఒళ్ళో కూర్చోబెట్టింది. ప్రమీల బిడ్డను కరువుతీరా ముద్దులు పెట్టుకుంది. అత్తను క్షమించిందా? లేదు, అంత తొందరగా ఎవరివల్ల అవుతుంది!

సాయంత్రం ఉరుకుందమ్మకు కూడా ఎక్స్‌రే తీయాలన్నారు. ఆ గది తలుపు చూసి ఆమె వెనక్కి తిరగబోయింది. వద్దంటున్నా వినకుండా ఆక్సిజన్ గొట్టం తీసి వెంట వచ్చిన ప్రమీల, ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో అత్త చెయ్యి పట్టుకుంది.

తలుపు తీసిన మనిషి ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. "పేషెంటు ఎవరమ్మా?"

"ఇద్దరమూ నేతోళ్ళమేనప్పా," అంది ప్రమీల తలెత్తి. "ముందు మా అత్తకు తియ్యి!"