ఎనిమిదో లేన్

నూతి గట్టు మీద రెండు చంకకర్రలు పడి ఉన్నాయి. మనిషి జాడ లేదు.

చెరకు తోటను ఫొటో తీస్తున్న ఉమామహేష్ ఆగిపోయాడు. అతనిది చీడికాడ. చోడవరం పక్క ఊళ్ళో అగ్రికల్చర్ అసిస్టెంటుగా ఈ మధ్యే చేరాడు. గట్టు మీద నుంచి వంగి చూశాడు. పచ్చటి నీళ్ళ అడుగున ఓ అమ్మాయి, కదలకుండా.

ఇంకేమీ ఆలోచించలేదు, దూకేశాడు. తనకి ఈత రాదన్న సంగతి నీళ్ళలో పడ్డాక గాని గుర్తు రాలేదు.

మునిగాడు, తేలాడు, మళ్ళీ మునిగాడు. ఎవరో వెనక నుంచి కాలరు పట్టుకుని లాగారు. కళ్ళు తెరిచేసరికి నూతి మెట్ల మీద ఉన్నాడు.

"ఏటండీ, ఎవరు మీరు? మా నూతిలో మీకేటి పని?"

అతను దగ్గుతూనే చెప్పాడు. "కర్రలు సూసి... మీరు దూకేసేరనుకున్నాను."

ఆ అమ్మాయి మెట్టు మీద కూర్చుని ఉంది. ఎడమకాలు మోకాలి పైవరకే ఉంది. దాని మీద తువ్వాలు కప్పుకునే ప్రయత్నమేమీ చెయ్యలేదు.

"కాలు లేనోళ్ళు నూతి దగ్గరికొస్తే సావడానికేనా?"

"అలా కాదు మేడమ్..."

"ఊపిరి బిగబట్టడం ప్రాక్టీసు సేస్తన్నాను. ఇయ్యాల బాగా కుదిరింది. మీరొచ్చి పాడు సేసేరు." అంతలో ఆమె చూపు అతని జేబు మీద పడింది. "ఫోన్?"

అతను ఫోన్ తీసి చూశాడు. అందులోంచి నీళ్ళు కారాయి. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. అతనికి కోపం రావాల్సింది. ఎందుకో రాలేదు.

ఆ అమ్మాయి పేరు ప్రవల్లిక. పారా స్విమ్మర్. ఆసియా పోటీల్లో కంచు పతకం తెచ్చిందనీ, విశాఖలో పూల్ రిపేరుకని మూసేస్తే ఊరికొచ్చి నూతిలో ఈదుతోందనీ ఆ సాయంత్రం ఆమె తండ్రి గణపతిరావు చెప్పాడు.

"తొమ్మిదేళ్ళప్పుడు లారీ గుద్దేసింది బాబూ. బడి మానేసి గోడవైపు తిరిగి పడుకునీది. నలుగురూ సూస్తారని సిగ్గు. నూతిలో ఐతే ఎవులు సూస్తారని నడుముకి తాడు కట్టి దింపేను. పైకి రమ్మంటే రాదే!"

మర్నాడు ఉమామహేష్ మళ్ళీ నూతి దగ్గరికి వెళ్ళాడు.

"నాకు ఈత నేర్పుతారా?"

"ఫీజేటిస్తారు?"

"మాడుగుల హల్వా."

"నాకు డైటు. మా నాన్నకి తెండి."

ఆ వేసవంతా పాఠాలు సాగాయి. గణపతిరావు గట్టు మీద కూర్చుని హల్వా తింటూ కాపలా కాసేవాడు. తొలకరి పడే వేళకి ఉమామహేష్ వెల్లకిలా తేలడం నేర్చుకున్నాడు. చినుకులు మొహం మీద పడుతుంటే కళ్ళు మూసుకుని అడిగాడు. "నీళ్ళలో ఉంటే కాలు ఉన్నట్టే ఉంటాదా?"

ఆమె వేళ్ళతో నీళ్ళు కదిపింది.

"ఉన్నట్టు ఉండదు. లేనట్టూ ఉండదు. అసలా ఊసే గుర్తు రాదు."

కళ్ళు తెరిచి ఆమె వైపు చూశాడు. చూస్తూ చూస్తూ మునిగిపోయాడు. మళ్ళీ కాలరే పట్టుకోవాల్సి వచ్చింది.

పూల్ తెరిచారు. ఆమె విశాఖ వెళ్ళిపోయింది. ఆదివారం వస్తే అతను బస్సెక్కేవాడు. గ్యాలరీలో కూర్చుని ఆమె ఈదుతుంటే చూసేవాడు. ప్రాక్టీసు అయ్యాక ఇద్దరూ బీచ్ రోడ్డులో కూర్చునేవారు. "మీరు" కాస్తా "నువ్వు" అయింది. మరో రెండేళ్ళకి ప్రవల్లిక పారాలింపిక్స్‌కి ఎంపికైంది. ఆ వారమే అతను ఇంట్లో తల్లికి పెళ్ళి మాట చెప్పాడు.

మహాలక్ష్మమ్మ పూలూ పళ్ళూ పట్టుకుని కొడుకుతో సహా గణపతిరావు ఇంటికి వచ్చింది.

"మీ గుంటకి మావాడు జీవితం ఇస్తానంటన్నాడు అన్నయ్యా. పుణ్యమే కదాని నేనూ సరేనన్నాను."

లోపలి నుంచి కర్రల చప్పుడయింది. ప్రవల్లిక గుమ్మంలోకి వచ్చింది.

"ఆ మాట ఆయనదేనా?"

"వాడిదేనమ్మా. నేనెందుకు అబద్ధమాడతాను?"

ప్రవల్లిక ఉమామహేష్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"నాకు జీవితం ఉందండీ," అంది ఆమె గొంతు పెంచకుండా. "ఎవరూ ఇవ్వక్కర్లేదు."

మర్నాడే క్యాంపుకి వెళ్ళిపోయింది. అతను ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు.

పారాలింపిక్స్‌లో నాలుగు వందల మీటర్ల ఫ్రీస్టయిల్ ఫైనల్లో ఎనిమిదిమందికే చోటు. ఆ ఎనిమిదో చోటు ప్రవల్లికకి దక్కింది. ఆఖరున వచ్చినవాళ్ళకి గోడ పక్క ఎనిమిదో లేన్ ఇస్తారు. చీడికాడలో ఉమామహేష్ ఇంట్లో టీవీ ముందు తల్లీ కొడుకూ కూర్చున్నారు.

ప్రవల్లిక ఒంటికాలితో గెంతుతూ నీళ్ళలోకి దూకే దిమ్మ దగ్గరికి వెళ్ళి ఎక్కి నిలబడింది. ఎవరూ చెయ్యి అందించలేదు. ఆమె ఎవరి కోసమూ చూడలేదు. బజర్ మోగింది. నీళ్ళలో ఆమె చేతులు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"ఇంత పట్టుందేట్రా ఈ గుంటకి," అంది మహాలక్ష్మమ్మ నెమ్మదిగా.

"అమ్మా, నీకు అబద్ధం సెప్పేను. జాలనీ పుణ్యమనీ అంటే ఒప్పుకుంటావని ఆ మాటన్నాను. నాకు జాలేటీ లేదు. ఆమె లేపోతే నాకేటీ తోచదు."

ఆవిడ టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు. "ఆ ముక్క ముందే సెప్తే నేనొద్దంటానా? నేనేటి రాయినా?"

ప్రవల్లిక ఆరో స్థానంలో వచ్చింది. అంత వేగంగా ఆమె అంతకు ముందెన్నడూ ఈదలేదు. పతకం మాత్రం రాలేదు.

ఆమె పోటీలకి వెళ్ళేటప్పుడు అనకాపల్లి స్టేషనులో బ్యాండు మేళం, దండలు. తిరిగొచ్చిన పొద్దున ప్లాట్‌ఫామ్ మీద గణపతిరావు ఉన్నాడు, కాస్త వెనగ్గా ఉమామహేష్ ఉన్నాడు. కూతురి బ్యాగు అందుకుని గణపతిరావు ఆటో చూస్తానంటూ బయటికి నడిచాడు.

"ఎందుకొచ్చేవు?" అంది ప్రవల్లిక.

"మా అమ్మకి నచ్చే మాట వెతికేను. నిజం సెప్పడానికి భయమేసింది. నువ్వంటే నాకిష్టం. అంతకు మించి ఏటీ లేదు."

"ఆ మాటకి కోపం వచ్చింది గాని, అది పోయింది. నేనడిగినప్పుడు తల దించుకున్నావు సూడు, అది పోలేదు."

"తప్పే."

"మళ్ళీ దించుకుంటావా?"

అతను నిజాయితీగా ఆలోచించాడు. "దించుకుంటానేమో. అప్పుడు తిట్టు."

ఆమె పెదవి చివర నవ్వు కదిలింది. అది బయటపడేలోగా కొడుకుతో వచ్చి దూరంగా బెంచీ మీద కూర్చున్న మహాలక్ష్మమ్మ లేచి దగ్గరికొచ్చింది.

"అమ్మా, మావాడికి వంట రాదు. కాస్త పిరికోడు. మనిషి మంచోడే. నీకిష్టమైతే సేసుకో, లేపోతే సెప్పేయ్. నేనేటీ అనుకోను."

ప్రవల్లిక కర్రల మీద ఆనుకుని ఆవిడ మొహంలోకి చూసింది.

"సోమవారం నుంచి మళ్ళీ ప్రాక్టీసు అత్తయ్యా. పొద్దున్నే. పెళ్ళిరోజైనా మానను."

'అత్తయ్యా' అన్న మాట ఆవిడకి వినబడింది. ఉమామహేష్‌కి ఇంకాస్త ఆలస్యంగా వినబడింది.

"ఐతే ముహూర్తం పొద్దెక్కేక పెట్టిస్తాను," అంది మహాలక్ష్మమ్మ.