పాలచక్కెర లేని మాత్ర

మండుటెండలో స్వెటర్ వేసుకుని సైకిల్ బ్రేకులు బిగిస్తున్న అమ్మాయిని చూస్తే ఎవరికైనా ఆరా తీయాలనిపిస్తుంది. అతనికి మరీను. పాల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పని చేసేవాడు కదా, దేన్ని చూసినా అందులో ఏముందో తేలేదాకా నిద్రపట్టదు.

కొత్త సీటు కావాలన్నాడు, తోలుదైతే బాగుంటుందన్నాడు. తన కొట్లో తోలు వస్తువు ఉండదనీ, తను పాలూ తేనే కూడా ముట్టననీ ఆమె తలెత్తకుండానే చెప్పింది.

"మీరేం చేస్తుంటారు?"

అతను పాల మాట ఎత్తలేదు. "ఫుడ్ లైన్లో ఉన్నానండీ," అన్నాడు.

ఆ తర్వాత అతని సైకిల్‌కి రాని జబ్బు లేదు. ఒకరోజు బెల్లు మోగదు, ఇంకోరోజు గొలుసు ఊడుతుంది. గొలుసు అతనే ఊడదీస్తున్నాడని ఆమెకు తెలుసు. తెలిసే బిగించేది, బిగిస్తూ ఏడిపించేది. ఆ ఏడిపించడంలోనే మీరు కాస్తా నువ్వు అయింది.

రానురాను ఆమె మాట మందగించింది. చేతిలో ఉన్న స్పానర్ కోసమే కొట్టంతా వెతికేది. కౌంటర్ దగ్గర కూర్చునే ఆమె పిన్ని ఉండబట్టలేక అతనికి చెప్పేసింది. పిల్లకి థైరాయిడ్, మాత్ర లేకపోతే ఎండలోనూ చలే. రోజూ వేసుకునే మాత్రలో పాలచక్కెర కలుపుతారని తెలిసిన దగ్గర్నుంచి మానేసింది. డాక్టరు మానొద్దన్నా వినలేదు. అది లేని మాత్ర ఏదని అడిగితే ఏ మందుల షాపులోనూ తేల్చి చెప్పలేదు.

"ఇలాగే ఉంటే పిల్ల ఏమైపోతుందోనని భయంగా ఉంది బాబూ," అంది పిన్ని.

ఆ పాలచక్కెర పుట్టుక అతనికి తెలుసు. చీజ్ తీయగా మిగిలిన నీళ్ళు వాళ్ళ ఫ్యాక్టరీ నుంచే ట్యాంకర్లలో వెళ్తాయి. వాటి నుంచి చక్కెర తీసి మాత్రలు చేసేవాళ్ళకు అమ్ముతారు. కొనేవాళ్ళెవరో తెలిస్తే, కొననివాళ్ళెవరో కూడా తేలుతుంది. తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి ప్రాణం తీశాడు. చివరికి ఒక చిన్న కంపెనీ దొరికింది. వాళ్ళ మాత్రలో పాలచక్కెర లేదు, జంతువుల నుంచి తీసింది ఇంకేమీ లేదు. పిన్ని డాక్టరును అడిగివచ్చింది. మార్చవచ్చనీ, మార్చాక మళ్ళీ రక్తపరీక్ష చేయించాలనీ ఆయన చెప్పాడు.

అతను తెచ్చిన మాత్రల డబ్బాను ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో పాలచక్కెర లేదని నీకెలా తెలుసు?"

నిజం చెబితే ఇక మొహం చూడదు. చెప్పకపోతే మాత్ర వేసుకోదు.

"నేను పాల ఫ్యాక్టరీలో పని చేస్తాను. నువ్వు మానేసిన మాత్రలో చక్కెర మా దగ్గర్నుంచి వెళ్ళిందే అయ్యుండొచ్చు. రావద్దంటే ఇక రాను. ఇది మాత్రం వేసుకో. నువ్విలా అయిపోతుంటే చూడలేకపోతున్నాను. నువ్వంటే నాకు ప్రాణం."

ఆమె డబ్బా మీది అక్షరాలు మళ్ళీ చదివింది. పిన్ని తుడిచిన కౌంటరే మళ్ళీ తుడుస్తోంది.

"అంటే, మనకి పరిచయం కాకముందే రోజూ పొద్దున్నే పరగడుపున నిన్ను మింగేదాన్నన్నమాట."

అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నీ ఉద్యోగం సంగతి తర్వాత పోట్లాడతాను. ఇప్పుడు ఓపిక లేదు," అని ఆమె డబ్బా జేబులో వేసుకుంది.

అతను రోజూ పొద్దున్నే వచ్చి, మాత్ర వేసుకుందో లేదో అడిగి పోయేవాడు. కొన్ని వారాలకు ఒక ఉదయం స్వెటర్ గోడ మేకుకు వేలాడుతూ కనిపించింది. ఆమె చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"కూర్చో. పోట్లాడే ఓపిక వచ్చింది."

పిన్ని లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది.

"కూర్చోండి అల్లుడుగారూ. ఇది ఇప్పట్లో తేలేలా లేదు."