వెర్నాకు ఇంకా ఐదు

ఆదివారం పొద్దున్నే కెటిల్ పొయ్యి మీద పెట్టి, కిటికీ గట్టు మీది క్రిబేజ్ పేకాట పలక దుమ్ము దులపడానికి కోరలీ చేయి చాపింది. పలక అక్కడ లేదు. వంటింటి బల్ల మీద ఉంది. పక్కనే నాన్న బరమా, కింద సన్నటి చెక్కపొట్టు. ఎప్పటి నుంచో ఉన్న రెండు వరుసల రంధ్రాల పక్కన మూడో వరుస కొత్తగా, తెల్లగా కనబడుతోంది.

కోరలీకి ఒళ్ళు మండిపోయింది. నాన్న ఆల్డెన్ తన మొదటి పడవ ఓక్ చెక్కతో పెళ్ళయిన వారంలో చేసిన పలక అది. నలభై ఒక్క ఏళ్ళు రోజూ టీతో పాటు ఆయనా, అమ్మ వెర్నా దాని మీద ఒక ఆట ఆడారు. పేకముక్కల్లో వచ్చిన లెక్కకు ఒక్కో గుంట చొప్పున గెలుపు గుంటకు చేరేదాకా పుల్లలు జరుపుకుంటూ పోవాలి. ఆయనవి పడవకు కొట్టే రాగి మేకులు, ఆవిడవి విరిగిన ఎర్ర అల్లికసూది ముక్కలు. మూడేళ్ళ కిందట ఫిబ్రవరిలో, ఆట మధ్యలో గుండెల్లో బరువుగా ఉందంటూ లేచిన వెర్నా మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు. గెలుపుకు ఐదు గుంటల దూరంలో ఎర్రపుల్లలు అలాగే ఉండిపోయాయి. వాటిని ఎవరూ కదపకుండా కోరలీ కాపలా కాస్తోంది.

ఆల్డెన్ పొయ్యి కట్టెలతో లోపలికి వచ్చాడు.

"ఏంటి నాన్నా ఇది?"

"మూడో వరుస. బ్యూలా పదింటికి వస్తానంది."

బ్యూలా రేవు అవతలి ఒడ్డున ఉండే విధవరాలు. నెల రోజులుగా వారానికోసారి ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన ఆపిల్ పై పట్టుకుని వస్తోంది. ఆపిల్ పై తెచ్చిన చెయ్యి పెత్తనం కూడా తెస్తుందని కోరలీ భయం.

"ఆవిడ కోసం అమ్మ పలకకి చిల్లులు పెట్టావా? కొట్లో ఇంకోటి దొరకదా?"

"కొట్లో దొరికేది కొట్లోదే."

"అమ్మ పోయి మూడేళ్ళేగా అయింది."

"నీకు మూడేళ్ళే. నువ్వు ఆరింటికల్లా చేపల ఫ్యాక్టరీకి పోతావు. నేను ఆ ఖాళీ కుర్చీతో ఎంతసేపని మాట్లాడను, చెప్పు?"

కోరలీకి కోపం రెట్టింపయింది.

"అయితే ఆ కుర్చీ కూడా ఆవిడకే ఇచ్చెయ్. అమ్మ బట్టలు కూడా ఉన్నాయి, సరిపోతాయేమో చూడు."

వాకిలి తలుపు దగ్గర అలికిడయింది. బ్యూలా అనుకున్న వేళకంటే ముందే వచ్చింది. అంతా విన్నదని ఆమె ముఖమే చెబుతోంది.

"నేను ఇంకోరోజు వస్తాలే ఆల్డెన్. ఆపిల్ పై మాత్రం వేడిమీద తినండి," అంది నెమ్మదిగా.

"ఆగు బ్యూలా. కోరలీ, ముందు పలక సరిగ్గా చూడు. తిట్టేది తర్వాత తిట్టు."

కోరలీ వంగి చూసింది. ఎర్రపుల్లలు ఉన్నచోటే ఉన్నాయి. బరమా అదురుకు కదలకుండా వాటి చుట్టూ టేపు అంటించి ఉంది.

"మీ అమ్మ పుల్లలు తీసేసి ఉంటే మేమిద్దరం ఎప్పుడో ఆడేవాళ్ళం. తీద్దామంటే చేతులు రాలేదు తల్లీ. అందుకే ఇంకో వరుస తొలిచాను. అమ్మ వరుస అమ్మదే. అందులో ఆడితే నువ్వే ఆడాలి."

కోరలీ టేపు అంచును వేలితో తడిమింది. "ఆట మర్చిపోయాను నాన్నా," అంది.

"చేతులు మర్చిపోవు, కూర్చో. ముందు ఆగిపోయిన ఆట ముగిద్దాం. వెర్నాకు ఇంకా ఐదు కావాలి."

బ్యూలా కోటు కూడా విప్పకుండా కుర్చీ అంచున కూర్చుంది. ఆమెకు పుల్లలుగా రెండు అగ్గిపుల్లలు ఇచ్చాడు ఆల్డెన్. తలా ఐదు ముక్కలు పంచి, ముగ్గురాటలో వేసినట్టే ఒక ముక్కను పేకలోంచి నేరుగా పక్క కుప్పలో వేశాడు. తలా ఒకటి అందులో కలిపారు. ముక్కలు దించేటప్పుడు కోరలీకి ఒక్క గుంటా దక్కలేదు. చివరికి చేతిలోని ముక్కల లెక్క మిగిలింది. చేతిలో రెండు ఎనిమిదులు, ఒక ఏడు, రాజు. అందరి లెక్కలోనూ కలిసేలా పేకలోంచి పైకి తిప్పిన ముక్క రాణి.

"ఎనిమిదీ ఏడూ పదిహేను, దానికి రెండు. ఇంకో ఎనిమిదితో ఇంకో పదిహేను, నాలుగు," అని ఆగింది. "నాలుగే నాన్నా. ఒక్కటి తక్కువ."

ఆల్డెన్ పెదవి కొరుక్కున్నాడు. ఎవరైనా లెక్కలో వదిలేసింది పక్కవాళ్ళు లాగేసుకోవచ్చన్నది ఆ ఇంటి రూలు. వెర్నా తొమ్మిదేళ్ళ కూతురి దగ్గర కూడా జాలి లేకుండా లాగేసుకునేది. 'దేవుడు కళ్ళెందుకిచ్చాడే?' అనేది.

బ్యూలా కోరలీ ముక్కల వైపు చూసింది. "ఇంకోసారి చూసుకోమ్మా," అంది.

కోరలీ చూసింది. రెండు ఎనిమిదులు. జత. దానికింకో రెండు.

"మా ఇంట్లో అలా చెప్పకూడదు. మీరే తీసుకోవాలి," అంది తల ఎత్తకుండా.

"నీ దగ్గర తీసుకుంటాలే. వచ్చే ఆట నుంచి ఒక్కటీ వదలను. వెర్నా దగ్గర మాత్రం తీసుకోను."

కోరలీ కళ్ళు నిండిపోయాయి. వెనక ఉన్న ఎర్రపుల్లను తీసి, ముందున్నదాన్ని దాటించి, గెలుపు గుంటలో పెట్టింది.

ఆల్డెన్ నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "పోయి కూడా ఓడించింది నన్ను," అన్నాడు ముఖం తుడుచుకుంటూ.

కాసేపటికి కోరలీ రెండు ఎర్రపుల్లలూ తీసి వరుస మొదట్లో పెట్టింది. తర్వాత లేచి లోపలికి వెళ్ళి, మూడేళ్ళుగా మూత తీయని అమ్మ అల్లిక బుట్ట తెచ్చి బ్యూలా ముందు పెట్టింది.

"కోటు విప్పి కూర్చోండి బ్యూలా గారూ. ఏ రంగు సూది కావాలో చెబితే విరుస్తాను. అగ్గిపుల్లలు నాలుగు రోజులు కూడా ఆగవు."